జాయింటు గుంట దగ్గర రంగులు

టెలిఫోన్ శాఖలో నాది కేబుళ్లు అతికే పని. గుంటలో దిగానంటే పిల్లలు మూగేవాళ్లు, కత్తిరించి పడేసిన ముక్కల కోసం. అర మిల్లీమీటరు రాగితీగ, పైన ప్లాస్టిక్ తొడుగు. తెలుపు, ఎరుపు, నలుపు, పసుపు, ఊదా ఒక వరస. నీలం, నారింజ, ఆకుపచ్చ, గోధుమ, బూడిద మరో వరస. ఒక్కో వరస నుంచి ఒక్కో రంగు కలిపితే ఐదైదులు 25 జతలు. మాకవి లెక్క, వాళ్లకు ఉంగరాలు, గాజులు, బొమ్మ సైకిళ్లు. మా అమ్మాయైతే పెన్నుకు చుట్టుకునేది.

దక్షిణాఫ్రికాలోని డర్బన్‌లో జులూ రాత్రి కాపలాదారులు ఇలాంటి తీగల్నే చేతికర్రలకు చుట్టారు. బీరు కుండల మూతలూ అల్లారు. ఆ మూతల పేరు ఇంబెంగే. ఇప్పుడవి మ్యూజియాల్లో ఉన్నాయి. ఎంత గొప్ప గౌరవం!

2000 అక్టోబరు 1న మా పని బీఎస్‌ఎన్‌ఎల్ కిందికి వచ్చింది. తర్వాత ఇళ్లదాకా ఫైబరు వచ్చింది. ఆ గాజుపోగు మెలిపెడితే విరుగుతుంది, దాంతో ఉంగరాలు చుట్టలేం. మీ ఇంట్లో ఆనాటి తీగ ఉంగరం ఉంటే పారేయకండి.