పెరోస్ బన్హోస్‌లో మళ్లీ పొయ్యి వెలగాలంటే

మారిషస్‌లో ఉగాదికి దేశమంతా సెలవు. ఈ మాట వింటే ఢిల్లీలోని మన తెలుగువాళ్లకు ఎంత సంతోషమో నాకు తెలుసు. ఈ దేశానిదే మరో కథ కూడా మీరు తెలుసుకోవాలి: చాగోస్ దీవులది.

మారిషస్‌కు స్వాతంత్ర్యం 1968లో వచ్చింది. అంతకుముందే, 1965 నవంబరులో, బ్రిటన్ ఈ దీవులను విడదీసి తన చేతిలో ఉంచుకుంది. వాటిలో ఒకటైన డియెగో గార్సియాలో అమెరికా సైనిక స్థావరం కోసం 1973 నాటికి అన్ని దీవులనూ ఖాళీ చేయించారు. పెంపుడు కుక్కలను కొబ్బరి ఎండబెట్టే కొట్టాల్లోకి తోలి, పొగపెట్టి చంపారు. ఓడలెక్కించిన మనుషులు చాలామంది మారిషస్ రాజధాని పోర్ట్ లూయీ మురికివాడల్లో తేలారు. వాళ్లు స్థానికులే కారు, కాంట్రాక్టు కూలీలని బ్రిటిష్ అధికారులు చెప్పుకొచ్చారు. నిజానికి వాళ్లు కొబ్బరితోటలకు ఫ్రెంచివాళ్లు తెచ్చిన ఆఫ్రికా బానిసల వారసులు; తర్వాత వెళ్లిన దక్షిణాది కూలీల రక్తమూ వాళ్లలో ఉంది.

ఆ విభజన చెల్లదని 2019లో అంతర్జాతీయ న్యాయస్థానం అభిప్రాయం చెప్పింది. 2025 మే 22న బ్రిటన్, మారిషస్‌ల మధ్య కుదిరిన ఒప్పందం ప్రకారం డియెగో గార్సియా తప్ప మిగతా దీవుల్లో మారిషస్ పునరావాసం కల్పించవచ్చు. అయితే సంతకంతో పంట పండదు.

చాగోస్‌లోని పెరోస్ బన్హోస్, సాలోమన్ దీవుల కొబ్బరితోటల్లో యాభై ఏళ్లుగా ఏరేవాళ్లూ ఒలిచేవాళ్లూ లేరు. రాలిన కాయ రాలినచోటే మొలిచి, కాలు పెట్టలేనంత గుబురైంది. కింద ఉన్నది పగడపు ఇసుక: సున్నం ఎక్కువ, మొక్కకు ఇనుము అందదు. మంచినీళ్లంటే నేలలో ఇంకి ఉప్పునీటిపై తేలే వాననీటి పొరే. అతిగా తోడితే ఉప్పుబారుతుంది. నేలకు సత్తువిచ్చేది సముద్రపక్షుల రెట్ట. ఓడల్లో వచ్చిన ఎలుకలు ఆ పక్షుల గుడ్లు తినేశాయి. ఎలుకల్లేని దీవుల పక్కన చేపల రాశి 48 శాతం ఎక్కువని 2018లో ‘నేచర్’లో వచ్చిన చాగోస్ పరిశోధన తేల్చింది, రెట్ట పగడాల దిబ్బకూ ఎరువే.

కాబట్టి ముందు ఎలుకలు పోవాలి. కొబ్బరిని పలచన చేసి స్థానిక చెట్లకు చోటివ్వాలి. పీచూ మట్టలూ గుంతల్లో కుళ్లబెట్టి గుమ్మడి, అరటి, సీమపనస పెంచాలి. మనుషులు తిరిగివస్తే పక్షులకు చేటన్న వాదన నేనొప్పుకోను. ఈ పనంతా చేయాల్సింది అక్కడ కాపురముండే మనుషులే.

చాగోస్ సముద్ర రక్షిత ప్రాంతానికి సాయం చేస్తామని 2025 సెప్టెంబరులో భారత్ మాటిచ్చింది. ఢిల్లీలో ఆ ఫైళ్లు చూసే తెలుగువాళ్లెవరైనా ఉంటే నా విన్నపం: నిఘా పడవలతో పాటు పూసా వ్యవసాయ పరిశోధన సంస్థ నుంచి నేల శాస్త్రవేత్తలనూ, కోనసీమలోని అంబాజీపేట నుంచి కొబ్బరి నిపుణులనూ పంపండి. ఆ దీవుల్లో పుట్టి పెరిగినవాళ్లు ముసలివాళ్లయిపోతున్నారు. ఏ బావి తియ్యనిదో చూపించేది వాళ్లే, మొదటి పడవలోనే వాళ్లను తీసుకెళ్లండి.