ఎవరి బ్రతుకు? ఎవరి కొలబద్ద?

2024లో వెలువడిన ‘ప్రపంచ ఆనంద నివేదిక’లో 143 దేశాల జాబితా ఉంది. అందులో ఫిన్లండుది మొదటి స్థానం, భారతదేశానిది 126వ స్థానం. ఇటువంటి జాబితా వచ్చినప్పుడల్లా మనలో రెండు రకాల వాదాలు బయలుదేరుతాయి. ఇది మనల్ని కించపరచడానికి పాశ్చాత్యులు పన్నిన పన్నాగమని కొందరంటారు. మన పాలకుల వైఫల్యానికి ఇంతకంటె తిరుగులేని సాక్ష్యం లేదని మరికొందరంటారు. ఈ రెండు పక్షాలూ వేయని ప్రశ్న ఒకటుంది. మనిషి బ్రతుకును కొలవడానికి ఎవరు పూనుకున్నారు? ఎందుకు పూనుకున్నారు? ఆ మనిషిని ఏమని అడిగారు? దీనికి జవాబు కావాలంటే సుమారు నూట యాభై సంవత్సరాల చరిత్రను తిరగవేయాలి.

1876–78 నాటి కరువు మద్రాసు రాజధానిని కబళించినప్పుడు బళ్లారి, కర్నూలు, కడప జిల్లాల పేద జనం కరువుపనుల్లో కూలికి పోయి ప్రాణాలు నిలుపుకోవలసి వచ్చింది. కరువు ఖర్చును అదుపులో పెట్టమని భారత ప్రభుత్వం సర్ రిచర్డ్ టెంపుల్‌ను పంపింది. పెద్దవాడైన మగ కూలీకి రోజుకు ఒక పౌను ధాన్యం ఖరీదు, దానిమీద ఒక అణా చాలునని 1877లో ఆయన నిర్ణయించాడు. ఆ తిండితో కష్టపడే శరీరం నిలవదని మద్రాసు శానిటరీ కమిషనర్ డాక్టర్ కార్నిష్ వాదించాడు. మనిషికి ఎంత ఉంటే బ్రతుకుతాడు అనే ప్రశ్న మన గడ్డమీద సర్కారు లెక్కగా ముందుకు వచ్చిన ఘట్టాలలో ఇది ముఖ్యమైనది. వాదం ఇద్దరు అధికారుల మధ్య నడిచింది. కూలీని అడిగినవారు లేరు. అయితే బొంబాయి రాజధానిలో కరువుపనుల కూలీలు పనులు మానుకొని వెళ్లిపోయి, అడగని ప్రశ్నకు తామే జవాబు చెప్పారు.

అదే కాలంలో, 1876లో, దాదాభాయి నౌరోజీ భారత దారిద్ర్యాన్ని గురించి బొంబాయిలో ఒక వ్యాసం చదివాడు. దేశంలో తలసరి ఆదాయం ఏడాదికి సుమారు 20 రూపాయలని లెక్క తేల్చాడు. ఈ అంకె ఒక్కటే అయితే అంత సంచలనం కలిగించేది కాదు. ఆయన దాని పక్కన మరో అంకె పెట్టాడు. జైలులో ఖైదీకి తిండికీ బట్టకూ సర్కారే పెడుతున్న ఖర్చు అది. నేరం చేసినవాడికి దక్కుతున్నంత కూడా నేరం చేయని సగటు మనిషికి దక్కడం లేదని ఆ పోలిక చెప్పింది. పాలకుల లెక్కలతోనే పాలకులను నిలదీసిన పద్ధతి ఇది. సర్కారు ఊరుకోలేదు. 1882లో తలసరి ఆదాయం 27 రూపాయలని తన లెక్క తాను ప్రకటించింది. అంకె కూడా పోరాటభూమి కాగలదని అప్పటినుంచే రుజువైంది.

ఇంగ్లండులో ఇదే ప్రశ్నను సీబోం రౌన్‌ట్రీ మరో విధంగా వేశాడు. 1899లో యార్కు పట్టణంలో కార్మికుల ఇళ్లను గడపగడపకూ పరిశీలింపజేసి, పట్టణ జనాభాలో దాదాపు 28 శాతం దరిద్రంలో ఉన్నారని 1901లో ప్రకటించాడు. సామ్రాజ్యపు సొంత ఇంట్లోనే ఇంత దరిద్రమా అని లోకం విస్తుపోయింది. ఆయన గీసిన కనీసావసరాల గీతలో వార్తాపత్రికకు చోటు లేదు, వినోదానికి చోటు లేదు. శరీరం పనిచేయడానికి కావలసినంతే ఆ లెక్కలోకి వచ్చింది. 1936లో అదే పట్టణాన్ని మళ్లీ పరిశీలించినప్పుడు ఆయన లెక్కలో పత్రిక చేరింది, రేడియో చేరింది. ఈ మధ్యకాలంలో మనిషి కడుపు మారలేదు. మనిషికి ఏది న్యాయంగా దక్కాలి అనే విషయంలో సమాజపు అభిప్రాయం మారింది. కార్మికోద్యమం పెరగకుండా ఆ మార్పు వచ్చేదా?

దేశాల మధ్య పోలికకు మొదట వాడుకలోకి వచ్చిన కొలబద్ద జాతీయాదాయం. అమెరికాలో దాన్ని తీర్చిదిద్దిన సైమన్ కుజ్‌నెట్స్ 1934లోనే, ఈ అంకెనుబట్టి ప్రజల క్షేమాన్ని నిర్ణయించరాదని హెచ్చరించాడు. ప్రభుత్వాలు ఆయన అంకెను తీసుకున్నాయి, హెచ్చరికను వదిలేశాయి.

మనిషినే నేరుగా అడిగితే ఏమవుతుంది? హాడ్లీ కాంట్రిల్ అనే అమెరికన్ పండితుడు 1950ల చివర, 1960ల తొలి సంవత్సరాలలో భారతదేశంతో సహా పద్నాలుగు దేశాలలో ఈ పని చేయించాడు. ఒక నిచ్చెన బొమ్మ చూపేవారు. మీరు ఊహించగల అత్యుత్తమ జీవితం పైమెట్టు, అంటే పది. అతి హీనమైన జీవితం అడుగుమెట్టు, అంటే సున్న. ఇప్పుడు మీరు ఎక్కడ నిలబడి ఉన్నారు? అమెరికా సగటు 6.6 వచ్చింది. విప్లవం గెలిచిన మరుసటి సంవత్సరం అడిగిన క్యూబాలో 6.4 వచ్చింది. అక్కడ అడిగింది పట్టణవాసులనే అన్న సంగతి మరువరాదు. అయినా, సంపదలో అమెరికాకు ఎక్కడా సాటిరాని దేశం నిచ్చెనమీద దాని భుజానికి భుజం ఆనించింది. నియంత త్రుహియో చచ్చిన కొద్దికాలానికే అడిగిన డొమినికన్ రిపబ్లిక్‌లో 1.6 వచ్చింది. భారతదేశంలో 3.7. ఇంతకు మన వాళ్లు కోరుకున్నదేమిటి? సొంతానికి కాస్త నేల, ఒక ఆవు, అప్పులనుంచి విముక్తి. అమెరికన్లు కోరుకున్న వాటిలో కొత్త కారు, పడవ ఉన్నాయి. ఇద్దరికీ నిచ్చెన ఒకటే. పైమెట్టు మాత్రం ఎవరి ఊహ మేరకు వారిది. ఈనాటి ఆనంద నివేదికకు ఆధారం కూడా కాంట్రిల్ నిచ్చెనే.

ఇక్కడే అసలు చిక్కు ఉంది. 1943 బెంగాలు కరువు తరువాతి సంవత్సరం, కలకత్తా సమీపంలోని సింగూరులో ఒక ఆరోగ్య సర్వే జరిగింది. భార్య చనిపోయిన మగవారిలో 48.5 శాతం తమ ఆరోగ్యం బాగాలేదనో అంతంతమాత్రంగా ఉందనో చెప్పారు. భర్త చనిపోయిన స్త్రీలలో అలా చెప్పినవారు 2.5 శాతం. బెంగాలు వితంతువు ఆనాడు అంత ఆరోగ్యంగా ఉందని నమ్మగలవారెవరు? తన శరీరం గురించి ఫిర్యాదు చేసే హక్కు తనకుందని ఆమెకు ఎవరూ నేర్పలేదు. ఈ ఉదాహరణను అమర్త్య సేన్ లోకం ముందుంచాడు. 2002లో ఆయనే మరొకటి చూపాడు. మన రాష్ట్రాలలో ఆయుర్దాయం ఎక్కువగా ఉన్న కేరళలోనే జబ్బుగా ఉన్నామని చెప్పేవారు ఎక్కువ. బీహారులో ఆయుర్దాయం తక్కువ, జబ్బు చెప్పేవారూ తక్కువ. చదువు, ఆసుపత్రి అందుబాటులోకి వచ్చిన చోట మనిషి తన బాధను గుర్తిస్తాడు. అవి అందని చోట బాధే సహజమనుకుంటాడు. కేవలం నోటిమాటను నమ్మితే బీహారు కేరళకంటె ఆరోగ్యవంతమైన రాష్ట్రమని తీర్మానించవలసి వస్తుంది.

తెలుగు మాటనే పరీక్షించి చూడండి. మన భాషలో ‘తృప్తి’ మనస్థితి మాత్రమే కాదు, సుగుణం కూడా. ఉన్నదానితో తృప్తిపడడం మంచివాడి లక్షణమని తరతరాలుగా పేదవాడికి బోధించినవారు ఉన్నవారే. అటువంటి మాటతో “నీ జీవితం నీకు తృప్తిగా ఉందా?” అని అడిగితే, అడిగింది అతని బ్రతుకునా, శీలాన్నా? “ఏదో, దేవుడి దయవల్ల బాగానే ఉన్నాం” అనే జవాబులో ఎంత మర్యాద, ఎంత భయం, ఎంత నిజం ఉన్నాయో ఏ నిచ్చెన తేల్చగలదు?

అయితే మాటను వదలి శరీరాన్నే లెక్కపెడితే చాలునా? 1990లో ఐక్యరాజ్యసమితి సంస్థ మహబూబుల్ హక్ నాయకత్వాన ఆయుర్దాయం, చదువు, ఆదాయం కలిపి మానవాభివృద్ధి సూచికను తెచ్చింది. ఆదాయపు ఏకఛత్రాధిపత్యాన్ని అది కూలదోసింది. ఇది మెచ్చదగిన పని. కాని దేశపు సగటు దేశంలోని అంతరాలను కప్పిపుచ్చుతుంది. సరిగ్గా అదే ఏడాది ఇద్దరు వైద్యులు న్యూయార్కులోని హార్లెం పేటను పరిశీలించి, అక్కడి నల్లజాతి పురుషుడు 65 ఏళ్లు బ్రతికే అవకాశం బంగ్లాదేశ్ పురుషుడికున్న దానికంటె తక్కువని చూపారు. సూచికలలో ఎంతో పైనున్న దేశం కడుపులో మరో దేశం దాగి ఉంది.

కొలతల్లో ఇన్ని లోపాలున్నాయి గనుక కొలతలే వద్దనడం పాలకవర్గాలకు ఎంతో అనుకూలమైన వాదం. 1950లో మహలనోబిస్ నాయకత్వాన మొదలైన జాతీయ శాంపుల్ సర్వే మన పల్లెల ఇంటింటి ఖర్చును లోకానికి తెలియజేసింది. అదే సర్వే 2017–18లో సేకరించిన వినియోగ వ్యయ వివరాలను, నాణ్యత లేదనే కారణం చెప్పి, విడుదల చేయబోమని 2019లో ప్రభుత్వం ప్రకటించింది. 2011–12 తరువాత మళ్లీ అటువంటి లెక్కలు బయటపడింది 2024లోనే. అన్నేళ్లపాటు ఈ దేశంలో పేదవారు ఎందరు అనే ప్రశ్నకు ఎవరికి తోచినది వారు చెప్పారు. తప్పు అంకెను ఎదిరించడానికి నౌరోజీకి సర్కారు లెక్కలైనా దొరికాయి. లెక్కే లేనప్పుడు దేన్ని ఎదిరించాలి?

కాబట్టి మనం కోరవలసినది ఇది. శరీరపు లెక్క, మనిషి మాట రెండూ కావాలి. ఒకటి రెండవదానికి సాక్షిగా నిలవాలి. దేశాల సగటులతో పాటు వర్గం, కులం, స్త్రీపురుష భేదాలవారీగా ఆ లెక్కలు బయటికి రావాలి. ఏది అడగాలో నిర్ణయించే చోట అడగబడేవారికీ స్థానం ఉండాలి. ఈ పని గణాంకవేత్తల వల్ల మాత్రమే అయ్యేది కాదు. సింగూరు వితంతువు ‘బాగానే ఉన్నాను’ అన్న చోట సర్వే ఆగిపోయింది. ఆమె బాధకు ఆమెచేతనే పేరు పెట్టించగల చదువు, సంఘం, సాహిత్యం ఆ ఊరికి చేరిననాడే ఆమె చెప్పే అంకె నిజమవుతుంది. ఆనాడు మన దేశపు స్థానం ఇంకా కిందికి జారినా కంగారు పడనక్కరలేదు. అంతవరకు మూగగా ఉన్నవారు మాట్లాడడం మొదలుపెట్టారని అర్థం చేసుకోవచ్చు.