తేరిన నీళ్లు

కలకబారిన నీళ్లలో చిల్లగింజ అరగదీసి కలిపితే కాసేపటికి మడ్డి అడుగుకు దిగుతుంది. నీళ్లు తేరినయి అంటాం. ‘తేఱు’ సంస్కృతం నుంచి వచ్చింది కాదు, ద్రావిడ ధాతువు, తమిళంలోనూ ఉంది. జబ్బుపడ్డ మనిషి ‘తేరుకోవడం’ అందులోంచి వచ్చిందే.

రసాయన పాఠంలో ఎదురయ్యే ‘అవక్షేపం’ వేరు. ‘అవ’ అంటే కిందికి, ‘క్షేపం’ అంటే విసరడం. ఆక్షేపణ, నిక్షేపం దాని తోబుట్టువులు. మడ్డి నీళ్లలో ముందునుంచీ తేలుతున్న మట్టే. అవక్షేపం మాత్రం, కరిగి కంటికి కనబడకుండా ఉన్నది రసాయన చర్యతో ఘనమై దిగేది. అందుకే దాన్ని తూచి, కనబడనిదాని లెక్క తేల్చవచ్చు. ఏదైనా బావి నీళ్లలో సిల్వర్ నైట్రేట్ సరిపడా పోస్తే తెల్లటి సిల్వర్ క్లోరైడ్ దిగుతుంది. వడగట్టి ఆరబెట్టి తూస్తే, ప్రతి 143.5 గ్రాములకు 35.5 గ్రాముల క్లోరైడ్. అంటే 0.287 గ్రాముల పొడి వస్తే, ఆ నీళ్లలో ఉన్నది 0.071 గ్రాములు.

నల్లగొండను కుంగదీసిన ఫ్లోరైడ్ ఇంత సులువుగా దిగదు. సున్నం కలిపితే ఏర్పడే కాల్షియం ఫ్లోరైడ్ లీటరు నీళ్లలో సుమారు 15 మిల్లీగ్రాములు కరిగే ఉంటుంది. అందులో ఫ్లోరైడే 7 మిల్లీగ్రాముల పైమాట. తాగునీటి హద్దేమో 1.5. ఒక్క సున్నంతో పని కాదు. అందుకే నాగపూర్‌లోని ‘నీరి’ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు 1970లలో పటికనూ సున్నాన్నీ జతచేశారు. వాటి నుంచి పుట్టే అల్యూమినియం హైడ్రాక్సైడ్ తుట్టెలు కట్టి, ఫ్లోరైడ్‌ను పట్టుకుని అడుగుకు దిగుతుంది. టాంజానియాలోనూ దీన్ని ‘నల్లగొండ పద్ధతి’ అనే అంటారు. ఆ తుట్టెను మాత్రం బావిగట్టున పారబోయకూడదు; నీళ్లు వదిలిన ఫ్లోరైడ్ అందులోనే ఉంటుంది.