రెండు భాషలు, ముదిమిలో మెదడు

నిత్యం రెండు భాషల్లో మసలే మనిషికి డిమెన్షియా, అంటే మతి తప్పే జబ్బు, ఆలస్యంగా వస్తుందా? బడిపిల్లల తెలివితేటల గురించిన తగవుగా మొదలైన విచారణ ఈ ప్రశ్న దగ్గరికి చేరడానికి సుమారు ఎనభై ఏళ్లు పట్టింది. భాషాశాస్త్రం, మనస్తత్వశాస్త్రం, నాడీవైద్యం, విద్యా పరిశోధన ఇందులో ఒకదానికొకటి ఆసరా అయ్యాయి. ప్రశ్న పుట్టింది ఐరోపాలో, పెరిగింది కెనడాలో. దానికి అసలైన పరీక్ష హైదరాబాద్‌లో జరిగింది.

తొలినాళ్లలో ద్విభాషితాన్ని లోపంగానే చూశారు. 1923లో డి. జె. సేర్ వేల్స్ బడుల్లో పరీక్షలు జరిపి, వెల్ష్, ఇంగ్లిష్ రెండూ మాట్లాడే పల్లె పిల్లలు ఇంగ్లిష్ మాత్రమే వచ్చిన పిల్లలకంటే వెనకబడ్డారని ప్రకటించాడు. పట్నం పిల్లల్లో మాత్రం ఆ తేడా లేదు. పేదరికం, బడుల తీరు, పరీక్ష ఏ భాషలో పెట్టారన్న సంగతి లెక్కలోకి రాకపోవడం ఆ కాలపు పెద్ద లోటు. అయినా ఇంట్లో ఒకటి, బడిలో ఒకటి మాట్లాడితే పిల్లల బుర్ర తికమకపడుతుందన్న భయం నాలుగు దశాబ్దాలు నిలిచిపోయింది. 1962లో మాంట్రియల్‌లో ఎలిజబెత్ పీల్, వాలెస్ లాంబర్ట్ కుటుంబాల ఆర్థిక స్థాయి సమానంగా ఉండేలా చూసి పదేళ్ల పిల్లలను పోల్చారు. ఫ్రెంచ్, ఇంగ్లిష్ రెండూ వచ్చినవారే ముందున్నారు. గాలి ఎదురు తిరిగింది.

భారతదేశంలో ఈ చర్చను మరింత నమ్మదగ్గ నేల మీదికి తెచ్చినవాడు అజిత్ మొహంతి. ఒడిశాలోని కోందు గిరిజనుల్లో కొందరు తమ కుయి భాషతో పాటు ఒడియా కూడా మాట్లాడతారు. మరికొందరు తరాల మీద కుయిని వదిలేసి ఒడియాకే పరిమితమయ్యారు. జాతి ఒకటే, బతుకుతెరువూ దాదాపు ఒకటే, తేడా అల్లా భాషలోనే. (కుయి తెలుగుకు దగ్గరి చుట్టం, రెండూ దక్షిణ-మధ్య ద్రావిడ శాఖకు చెందినవే.) రెండు భాషలూ నిలుపుకున్న పిల్లలు బుద్ధి పరీక్షల్లో మెరుగ్గా నిలిచారు. బడి ముఖం చూడని పిల్లల్లోనూ అదే ఫలితం. ఈ పరిశోధనకు దక్కవలసినంత పేరు దక్కలేదు.

పిల్లల నుంచి వృద్ధుల వైపు చూపు మళ్లించింది టొరంటోలోని యార్క్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్త ఎలెన్ బయలిస్టాక్. ఆమె బృందం 2004లో ఒక చిన్న పరీక్ష పెట్టింది. తెర మీద రంగు చతురస్రం ఎడమనో కుడినో వెలుగుతుంది. అది ఎటు ఉన్నా పట్టించుకోకుండా రంగును బట్టి మీట నొక్కాలి. వయసు మీరేకొద్దీ చోటు చూసి తడబడటం ఎక్కువవుతుంది. రెండు భాషలవారిలో ఆ తడబాటు తక్కువగా కనబడింది. నోట ఒక భాష వస్తున్నప్పుడు మెదడులో రెండోది నిద్రపోదు, దాన్ని అదుపులో పెడుతూనే ఉండాలి, ఆ సాధన వల్లే ధ్యాస నిలుస్తుందని వారు వివరించారు. అయితే మొదటి ప్రయోగంలో ద్విభాషులు భారతదేశంలోని తమిళ-ఇంగ్లిష్ వృద్ధులు, ఏకభాషులు కెనడావారు. రెండు ఖండాల మనుషులను ఇలా పక్కపక్కన పెట్టి చేసిన పోలిక మీద సందేహం రావడం సహజమే.

2007లో అదే బృందం టొరంటోలోని జ్ఞాపకశక్తి క్లినిక్‌లో 184 మంది రోగుల వివరాలు తిరగేసింది. ద్విభాషుల్లో డిమెన్షియా లక్షణాలు సగటున 4.1 ఏళ్లు ఆలస్యంగా మొదలయ్యాయి. విమర్శ వెంటనే వచ్చింది. అక్కడి ద్విభాషుల్లో చాలామంది వలస వచ్చినవారు. సముద్రాలు దాటి కొత్త దేశంలో నిలదొక్కుకునేవారు మొదటి నుంచే ఆరోగ్యవంతులై ఉండవచ్చు. మేలు భాషదా, వలసదా, చదువుదా? టొరంటోలో ఈ ముడి విప్పడం కష్టం.

హైదరాబాద్‌లో ఆ ముడి చాలావరకు ముందే విడిపోయి ఉంది. ఇక్కడ రెండో భాష కోసం ఎవరూ దేశం దాటనక్కరలేదు, బడికీ వెళ్లనక్కరలేదు. చదువు లేని కూరగాయల వ్యాపారి ఒకరితో తెలుగులో బేరమాడుతూనే పక్కన నిలబడ్డవారికి దక్కనీలో ధర చెబుతాడు. అదే వీధిలో పుట్టి పెరిగి ఒక్క భాషతోనే జీవితం గడిపేవారూ ఉంటారు.

నిజాం వైద్య విజ్ఞాన సంస్థ (నిమ్స్)లో నాడీవైద్యురాలు సువర్ణ అల్లాడి 2006 నుంచి 2012 వరకు క్లినిక్‌కు వచ్చిన 648 మంది డిమెన్షియా రోగుల వివరాలను పరిశీలించారు. ఉస్మానియా విశ్వవిద్యాలయానికి చెందిన భాషాశాస్త్రవేత్త దుగ్గిరాల వసంత, ఎడిన్‌బరా పరిశోధకుడు థామస్ బాక్ ఆ బృందంలో ఉన్నారు. జబ్బు మొదలైన వయసు తేల్చడమే ఇందులో చిక్కు. రోగి చెప్పలేడు కనుక ఇంటివారిని అడగాలి: మొదట ఏ మార్పు చూశారు? ఇచ్చిన డబ్బు మళ్లీ ఇవ్వబోవడమా, రోజూ నడిచే దారి తప్పడమా, మనుషుల పేర్లు తారుమారు కావడమా? నమ్మకంగా చెప్పగల కుటుంబ సభ్యులు ఆ తొలి లక్షణాన్ని గుర్తించిన నాటి వయసునే లెక్కలోకి తీసుకున్నారు.

2013లో ‘న్యూరాలజీ’ పత్రికలో ఫలితాలు వచ్చాయి. 391 మంది ద్విభాషుల్లో జబ్బు సగటున 65.6 ఏళ్లకు, ఏకభాషుల్లో 61.1 ఏళ్లకు మొదలైంది. అంటే 4.5 ఏళ్ల తేడా. టొరంటో అంకెకు ఇంత దగ్గరగా రావడం చూసి ఆ రంగమంతా ఇటు తిరిగింది. అల్జీమర్స్‌లోనే కాక, రక్తనాళాల దెబ్బతో వచ్చే డిమెన్షియాలోనూ, మెదడు ముందు భాగం క్షీణించే రకంలోనూ ఆలస్యం కనిపించింది. అక్షరం రాని రోగుల్లో ఈ తేడా ఆరేళ్లు. ఈ రోగుల్లో చదువు ప్రభావానికి చోటే లేదు కనుక, మొత్తం అధ్యయనంలో అత్యంత విలువైన అంకె ఇదే. మూడో భాష, నాలుగో భాష వస్తే మాత్రం అదనపు మేలు కనబడలేదు. ఆ బృందమే 2016లో పక్షవాతం వచ్చిన 608 మందిని పరిశీలించింది. జ్ఞాపకం, ఆలోచన దెబ్బతినకుండా కోలుకున్నవారు ద్విభాషుల్లో 40.5 శాతం, ఏకభాషుల్లో 19.6 శాతం. మాట పడిపోవడంలో మాత్రం రెండు వర్గాల మధ్య తేడా లేదు.

తెలివైనవారే రెండో భాష నేర్చుకుంటారేమో అన్న అనుమానానికి స్కాట్లండ్‌లో కొంత జవాబు దొరికింది. 1947లో పదకొండేళ్ల వయసులో బుద్ధి పరీక్ష రాసిన 853 మందిని డెబ్బై దాటాక మళ్లీ పరీక్షించారు. చిన్ననాటి మార్కులను బట్టి ఊహించినదానికంటే, రెండో భాష నేర్చినవారు మెరుగ్గా ఉన్నారు. పెద్దయ్యాక నేర్చినవారికీ అది వర్తించింది.

ఎదురు సాక్ష్యమూ తక్కువేమీ కాదు. మాన్‌హటన్‌లో స్పానిష్ మాట్లాడే 1,067 మంది వృద్ధులను ఏళ్ల తరబడి గమనించి 2014లో వెలువరించిన అధ్యయనంలో ద్విభాషితం డిమెన్షియాను తగ్గించలేదు. అనుకూల ఫలితాలకే పత్రికల్లో చోటు ఎక్కువగా దొరుకుతోందని 2015లో ఏంజెలా డి బ్రుయిన్ బృందం చూపింది. 2017లో నహీద్ ముకాదం బృందం పాత అధ్యయనాలన్నీ గుదిగుచ్చి, ఆరోగ్యవంతులను ముందు నుంచి గమనించిన వాటిలో ప్రయోజనం కనబడటం లేదని తేల్చింది. హైదరాబాద్ అధ్యయనానికీ ఈ పరిమితి ఉంది: అది క్లినిక్ గడప ఎక్కినవారి లెక్కే, ఊరందరి లెక్క కాదు.

ఈ రెండు రకాల ఫలితాలు ఒకదాన్నొకటి పూర్తిగా కొట్టేయవు. 2012లో టొరంటోలో 40 మంది అల్జీమర్స్ రోగుల స్కానింగులు పోల్చినప్పుడు, లక్షణాలు ఒకే స్థాయిలో ఉన్నా ద్విభాషుల మెదళ్లే ఎక్కువ కృశించి ఉన్నాయి. జబ్బు రావడం ఆగలేదు. వచ్చినదాన్ని మెదడు మరికొంత కాలం కాచుకుంది. దీన్నే శాస్త్రవేత్తలు బౌద్ధిక నిల్వ అంటారు.

బెంగళూరు నిమ్‌హాన్స్‌కు మారాక కూడా అల్లాడి ఈ పని కొనసాగించారు. భారత వైద్య పరిశోధన మండలి తోడ్పాటుతో హిందీ, బెంగాలీ, తెలుగు, కన్నడ, మలయాళాల్లో జ్ఞాపకశక్తి, భాష, ధ్యాసలను కొలిచే పరీక్షల సముదాయం తయారైంది. చదవను, రాయను రానివారి కోసం అందులో విడిగా ఏర్పాట్లున్నాయి.