కుర్తుబాలో బరువు దిగిన బాద్‌షా

పదో శతాబ్దంలో బాద్‌షా అంటే గుర్రం మీద కనిపించేవాడు. తఖ్త్ మీద కూర్చోవడం ఆ తర్వాతి మాట. ఫౌజ్ ముందు సవారీ చేయలేనివాడి హుకుం ఎవరూ వినరు. స్పెయిన్ ఉత్తరాన ఉన్న లియోన్ అనే క్రైస్తవ రాజ్యానికి 956లో సాంచో అనే యువకుడు రాజయ్యాడు. లావు వల్ల ఆయన గుర్రం ఎక్కలేకపోయేవాడు. చరిత్రలో ఆయన పేరు ‘సాంచో ఎల్ క్రాసో’ అనే నిలిచిపోయింది. మన ఇళ్లల్లో పిలిచినట్టు చెప్పాలంటే ‘మోటా సాంచో’. వెయ్యేళ్లు దాటినా ఆ తానా ఆయన్ని వదల్లేదు.

ఈ కథ నాకు బళ్లో ఎవరూ చెప్పలేదు. ఉర్దూ మీడియంలో చదివిన మాకు కుర్తుబా అంటే మస్జిద్ ఒక్కటే. దాని ఖంబాల గురించి, కమాన్ల గురించి ఉస్తాద్‌లు కళ్లు మూసుకుని చెప్పేవాళ్లు. అక్కడి హకీమ్‌ల గురించి నేను చాలా ఆలస్యంగా, డిగ్రీలో తెలుగు చదివి పత్రికలో చేరిన తర్వాత, నా అంతట నేను వెతుక్కుని చదివాను. ఇప్పుడు మీకు చెప్పడానికి ఒక వజహ్ ఉంది. అది మధ్యలో వస్తుంది.

సాంచో తఖ్త్ పోవడానికి లావు ఒక్కటే కారణం అనుకుంటే పొరపాటు. ఆయన అన్న మూడో ఒర్దోన్యో బతికుండగా కుర్తుబా ఖలీఫా మూడో అబ్దుర్రహ్మాన్‌తో సులహ్ కుదుర్చుకున్నాడు. సాంచో గద్దెనెక్కగానే ఆ షరతులు పాటించనన్నాడు. 957లో ఖలీఫా ఫౌజ్ చేతిలో ఓడాడు. కాస్తీల్ ప్రాంతాన్ని ఏలే ఫెర్నాన్ గొన్సాలెస్‌కు తన లెక్కలు తనకున్నాయి. అతను, మిగతా సర్దార్లు కలిసి 958లో సాంచోను దించేసి నాలుగో ఒర్దోన్యోను కూర్చోబెట్టారు. అసలు గొడవ సియాసత్‌ది. కానీ నలుగురిలో చెప్పుకోవడానికి లావు తేలికైన సాకు. గుర్రం ఎక్కలేనివాడు రాజెలా అవుతాడని నవ్వితే చాలు, ఇంకో దలీల్ అక్కర్లేదు.

సాంచో పాంప్లోనాకు, నాన్నమ్మ కాదు, అమ్మమ్మ ఇంటికి పారిపోయాడు. ఆ అమ్మమ్మ పేరు తోదా. మామూలు ముసలమ్మ కాదు. భర్త పోయాక కొడుకు పేరు మీద రాజ్యం నడిపిన మలికా. 939లో సిమాంకస్ దగ్గర ఇదే అబ్దుర్రహ్మాన్‌ను ఓడించిన క్రైస్తవ కూటమిలో ఆమె రాజ్యం కూడా ఉంది. ఇక్కడే ఖాందాన్ లెక్క మజాగా ఉంటుంది. తోదా తల్లి ఒన్నెకా మొదట కుర్తుబా అమీర్ అబ్దుల్లాకు భార్య. ఆ నికాహ్‌లో పుట్టిన కొడుకే అబ్దుర్రహ్మాన్ తండ్రి. తర్వాత ఒన్నెకా పాంప్లోనా తిరిగి వెళ్లి ఇంకో పెళ్లి చేసుకుంది. ఆ పెళ్లి సంతానం తోదా. అంటే పాత వంశావళుల ప్రకారం కుర్తుబా ఖలీఫాకు పాంప్లోనా మలికా వరసకు ఫుప్పూ. యుద్ధభూమిలో దుష్మన్, రిష్తాలో తండ్రికి చెల్లెలు.

ఆ ఫుప్పూ ఇప్పుడు అల్లుడి వరసైన ఖలీఫాకు కబురు పంపింది. రెండు అడిగింది. మనవడి ఒంటికి ఇలాజ్, మనవడి తఖ్త్‌కు ఫౌజ్.

ఖలీఫా పంపిన ఎల్చీ ఒక యూదు హకీమ్. పేరు హస్‌దాయ్ ఇబ్న్ షప్రూత్. జయాన్ ఊరివాడు. అరబీ, ఇబ్రానీ, లాతీనీ మూడూ వచ్చు. పాము కాటుకు, జహర్‌కు విరుగుడుగా వాడే తిర్యాక్ తయారీలో పేరు పొందాడు. బైజంతీనీ బాద్‌షా కానుకగా పంపిన దియోస్కోరిదెస్ మూలికల గ్రంథాన్ని గ్రీకు నుంచి అరబీలో సరిచూసుకోవడానికి 951లో నికొలాస్ అనే పాదరీ కుర్తుబా వచ్చినప్పుడు, ఆయనతో కూర్చుని పనిచేసిన వాళ్లలో హస్‌దాయ్ ఒకడు. మందు తెలిసినవాడు, మాట తెలిసినవాడు. ఇలాజ్ కావాలంటే కుర్తుబాకే రావాలని తోదాను ఒప్పించాడు. పది కోటలు ఖలీఫాకు అప్పగించాలన్నది ఒప్పందం. ఖైరాత్ ఏమీ లేదు. మనవాళ్లు కొందరు అందలుస్ అనగానే అంతా మొహబ్బతే అన్నట్టు రాస్తారు. అక్కడ బేరం కూడా ఉంది. బేరం ఉన్నంత మాత్రాన ఇలాజ్ అబద్ధం కాలేదు.

958లో తోదా, ఆమె కొడుకు పాంప్లోనా రాజు గార్సియా, మనవడు సాంచో ముగ్గురూ బయల్దేరారు. పాంప్లోనా నుంచి కుర్తుబా గీత గీసినట్టు కొలిచినా 600 కిలోమీటర్లు. గుర్రం ఎక్కలేని మనిషితో ఆ సఫర్ ఎలా ఉండి ఉంటుందో ఆలోచించండి. దారిలో ప్రతి ఊళ్లోనూ జనం చూసి ఉంటారు.

ఏం వైద్యం చేశారు? తర్వాతి కాలం కథల్లో బోలెడు మసాలా ఉంది. నోరు కుట్టేశారని, నలభై రోజులు గొట్టంతో కషాయాలు మాత్రమే పట్టారని, తాళ్లు కట్టి నడిపించారని రాశారు. ఆ కాలానికి దగ్గరగా ఉన్న లియోన్ చరిత్రకారుడు సాంపీరో రాసింది చాలా చిన్నది. ముసల్మానులు ఒక మూలిక తెచ్చారు, పొట్ట మీది కొవ్వు తీసేశారు, ఆయనకు పాత చురుకుదనం తిరిగొచ్చింది. అంతే. రాసినవాడు క్రైస్తవుడు. ఎదుటి పక్షం హకీమ్‌లకు ఇవ్వాల్సిన ఇజ్జత్ ఇచ్చి ఊరుకున్నాడు.

బరువు దిగిన సాంచో కుర్తుబా ఫౌజ్‌ను వెంటబెట్టుకుని ఉత్తరానికి వెళ్లాడు. 959లో జమోరా చేతికొచ్చింది. 960లో లియోన్ తఖ్త్ మళ్లీ ఆయనదైంది. నాలుగో ఒర్దోన్యో పారిపోయి, తిరిగి తిరిగి, చివరికి 962లో అదే కుర్తుబా దర్బార్‌కు సాయం అడగడానికి వచ్చాడు. అక్కడే చనిపోయాడు. 961లో అబ్దుర్రహ్మాన్ ఇంతెకాల్ అయ్యాక సాంచో పది కోటల వాదా మర్చిపోయాడు. కొత్త ఖలీఫా రెండో అల్ హకమ్ ఫౌజ్ పంపి గుర్తు చేయాల్సి వచ్చింది. 966లో సాంచోకు ఎవరో జహర్ పెట్టి చంపారు. బరువు దిగితే గుర్రం ఎక్కొచ్చు. ఇచ్చిన మాట మీద నిలబడటం వేరే కస్రత్.

ఇప్పుడు ఆ వజహ్ చెబుతాను. మా ఖాలా కొడుకు, నాకంటే నాలుగేళ్లు పెద్ద, కెనడాలో ఉంటాడు. చదువుకునే రోజుల్లో అక్కడి కొండల మీద స్కీయింగ్ నేర్చుకున్నాడు. మంచు మీద జారే ఆటలో మనవాడేంటని మేమంతా ఫొటోలు చూసి నవ్వుకునేవాళ్లం. తర్వాత ఉద్యోగం, రాత్రి భోజనాలు, షుగర్. నలభై దాటేసరికి 138 కిలోలు. మోకాళ్లు పోయాయి. స్కీలు గ్యారేజీలో మూలన పడ్డాయి. రెండేళ్ల కిందట కడుపు ఆపరేషన్ చేయించుకున్నాడు. ఏడాదిన్నరలో 50 కిలోలు దిగాడు. మొన్నటి చలికాలం మళ్లీ కొండెక్కాడు.

ఈ ఆపరేషన్‌కూ ఒక తారీఖ్ ఉంది. 1954లో అమెరికాలో మిన్నెసోటా సర్జన్లు చిన్న పేగులో ఎక్కువ భాగాన్ని దారి తప్పించే పద్ధతి గురించి రాశారు. బరువు దిగింది గానీ, ఆ పద్ధతిలో విరేచనాలు, లివర్ దెబ్బతినడం లాంటి బాధలు ఎక్కువై తర్వాత వదిలేశారు. అల్సర్ కోసం కడుపులో కొంత భాగం తీసేసిన ఆడవాళ్లు బరువు దిగుతున్నారని అయోవా యూనివర్సిటీ సర్జన్ ఎడ్వర్డ్ మేసన్ గమనించాడు. 1966లో చికాషి ఇటోతో కలిసి గ్యాస్ట్రిక్ బైపాస్ మొదలుపెట్టాడు. 1990లలో అది చిన్న రంధ్రాల ఆపరేషన్‌గా మారింది. మా భాయీ చేయించుకున్నది ‘స్లీవ్’ అనే రకం. అందులో కడుపును నాలుగింట మూడొంతులకు పైగా తీసేసి, మిగిలింది అరటికాయంత గొట్టంలా ఉంచుతారు. ఆకలి పుట్టించే హార్మోన్ కూడా ఆ తీసేసిన భాగంతో చాలావరకు పోతుంది. 2022లో వచ్చిన అంతర్జాతీయ మార్గదర్శకాల ప్రకారం బీఎంఐ 35 దాటినవాళ్లకు, మనలాంటి ఆసియావాళ్లకైతే 27.5 దాటితే ఈ దారి గురించి మాట్లాడొచ్చు. ఎవరికి చేయాలో, ఎవరికి వద్దో డాక్టర్ చూసి చెప్పాలి.

మళ్లీ స్కీల మీద నిలబడటం మాత్రం ఆపరేషన్ అంత సులువు కాదని భాయీ చెప్పాడు. కొవ్వుతో పాటు కండ కూడా పోతుంది. తొడల్లో జోర్ ఉండదు. ముందు ఆరు నెలలు మెట్లెక్కడం, గుంజీలు, బరువులెత్తడం చేశాడు. ఒంట్లో కొవ్వు పోయాక చలి ఎముకల్లోకి దిగుతుంది, ఒక పొర బట్టలు ఎక్కువ కావాలి. పాత బూట్లు వదులైపోయాయి. ఇంకో ముఖ్యమైన సంగతి ఉంది. బూటును స్కీకి పట్టి ఉంచే బిగింపు మనిషి బరువును బట్టి సరిచేస్తారు. పడినప్పుడు అది విడిపోవాలి. 138 కిలోల మనిషికి పెట్టిన బిగింపు 88 కిలోల మనిషికి విడిపోకపోవచ్చు, కాలు విరగొచ్చు. దుకాణంవాడు “ఇప్పుడు మీ బరువెంత?” అని అడిగితే, ఎన్నో ఏళ్ల తర్వాత గొంతు తగ్గించకుండా చెప్పానన్నాడు.

ఇంతా చేసి, ఈ సంగతి ఏడాది దాకా మా ఖాందాన్‌లో ఎవరికీ తెలియదు. మా ఖాలాకు కూడా చెప్పలేదు. తెలిశాక ఆమె ఏడ్చింది. “కడుపు కోయించుకున్నావా బేటా, నోరు కట్టుకోలేకపోయావా?” అంది. దావత్‌లో ఎవరో “పరహేజ్ చేయలేక షార్ట్‌కట్ వెతుక్కున్నాడు” అన్నారు. ఇంకెవరో “ఏదో బీమారీ, దాస్తున్నారు” అన్నారు. లావుగా ఉన్నన్నాళ్లూ మోటా అని పిలిచింది వీళ్లే. వలీమాలో బలవంతంగా రెండో ప్లేటు బిర్యానీ వడ్డించింది వీళ్లే.

అందుకే సాంచో కథ గుర్తొచ్చింది. లియోన్ సర్దార్లకు ఆయన లావు తమాషా. కుర్తుబా హకీమ్‌లకు అది మర్జ్. ఆ తర్వాతి తరంలో ఇబ్న్ సీనా తన ‘అల్ ఖానూన్’లో మితిమీరిన లావు వల్ల ఊపిరి ఆడకపోవడం, ఉన్నట్టుండి ప్రాణం పోవడం గురించి, తిండి, కస్రత్ ఎలా ఉండాలన్న దాని గురించి రాశాడు. మర్జ్ అని పేరు పెట్టగానే మనిషి మీద నవ్వు ఆగి, ఇలాజ్ మీద ధ్యాస మొదలవుతుంది. మన పెద్దలు వెయ్యేళ్ల కిందటే చేసిన ఆ పని మన దస్తర్‌ఖాన్‌ల దగ్గర ఇంకా జరగలేదు.

మీ ఇంట్లో ఎవరైనా ఈ ఆపరేషన్ చేయించుకుని ఉంటే కొన్ని సంగతులు గుర్తుంచుకోండి. వాళ్లు గుప్పెడే తింటారు, అది నఖ్రా కాదు. ఒకేసారి గ్లాసెడు నీళ్లు తాగలేరు. ప్రొటీన్ ముందు తినాలి. బీ12, ఐరన్, క్యాల్షియం, విటమిన్ డీ మాత్రలు జిందగీ అంతా కావాలి, రక్తపరీక్షలు మానకూడదు. రంజాన్‌కు ముందు రోజా సంగతి డాక్టర్‌ను అడిగి తేల్చుకోవాలి. “చిక్కిపోయావు, మొహంలో నూర్ పోయింది” అనే మాట నోట్లోనే ఉంచుకుంటే మేలు.

తోదాకు అప్పటికి ఎనభైకి దగ్గర పడిన వయసు. మనవణ్ని దాచలేదు, ఇంటి గుట్టు అనుకోలేదు. ఒకప్పటి దుష్మన్ గుమ్మం దాకా తానే తీసుకెళ్లింది. సాంచో పేరు పక్కన ‘మోటా’ అని రాసినవాళ్లు ఆమె పేరు పక్కన ఏమీ రాయలేదు.