పదకొండు నల్లబొట్లు

చిన్నప్పుడు జ్వరం వస్తే మా అమ్మ ఓడికొలోన్‌లో తడిపిన గుడ్డ నుదుటిమీద వేసేది. ఆ 'కొలోన్' ఒక ఊరి పేరని బి.ఏ.లో చరిత్ర చదివేదాకా నాకు తెలియదు. జర్మనీలో రైన్ నది ఒడ్డున ఉంది. మొన్న మా పిన్ని కూతురు అక్కడినుంచి పంపిన కార్డుమీద ఆ నగరచిహ్నం ఉంది. డాలు ఆకారం. పైన ఎర్రటి భాగంలో మూడు బంగారు కిరీటాలు, కింద తెల్లటి భాగంలో పదకొండు నల్లబొట్లు. కిరీటాలంటే సరే, ఈ బొట్లేమిటి చెప్మా అనుకున్నాను.

కిరీటాల కథ తేలికే. బాలయేసును చూడవచ్చిన తూర్పుదేశపు జ్ఞానులవి. వాళ్ళు రాజులనిగానీ, ముగ్గురనిగానీ బైబిల్లో లేదు. తర్వాత జనమే రాజుల్ని చేశారు. వాళ్ళవని చెప్పుకునే అస్థికల్ని 1164లో ఆర్చిబిషప్ రైనాల్డ్ మిలాన్‌నుంచి తెచ్చాడు. యాత్రికులు విరగబడ్డారు. 1248లో మొదలుపెట్టిన పెద్ద చర్చి 1880కి గానీ పూర్తికాలేదు!

ఇక బొట్లు. అవి ఆడపిల్లలు! ఉర్సులా అనే రాకుమారి పదకొండువేలమంది కన్యలతో రోముకి యాత్ర వెళ్ళి తిరిగొస్తూంటే, కొలోన్ దగ్గర హూణులు అందర్నీ చంపేశారట. ఆమెది బ్రిటనీ అని ఒక కథ. బ్రిటనీ చిహ్నంలో ఎర్మిన్ అనే జంతువు తెల్లని బొచ్చు, నల్లని తోకకొసలు ఉంటాయి. ఆ తోకకొసలే ఇవన్నమాట. కాదు, మంటలంటారు కొందరు. కన్నీటిచుక్కలంటారు ఇంకొందరు. నాకు చివరిదే నచ్చింది.

పదకొండువేలమందికి వంటెవరు చేశారు అన్నది నాకు మొదట తోచిన సందేహం! అక్కడి పాత శిలాశాసనంలో క్లెమాటియస్ అనే ఆయన, కన్యలు రక్తం చిందించిన చోట గుడి తిరిగి కట్టించానని చెక్కించాడు. తన పేరు వేసుకున్నాడు. ఆ పిల్లల పేర్లు లేవు, ఎంతమందో కూడా లేదు. 'మార్టిర్' అనే మాటకి పొడి అక్షరంగా రాసిన 'ఎం'ని ఎవరో రోమన్ అంకె వెయ్యిగా చదివి, పదకొండుమందిని పదకొండువేలు చేశారని పండితుల ఊహ.

1106లో ఊరిగోడని విస్తరిస్తూ తవ్వితే కుప్పలుగా ఎముకలు బయటపడ్డాయి. ఇంకేం, వాళ్ళే అన్నారు! నిజానికది రోమన్ల నాటి శ్మశానం. మగవాళ్ళవీ, పసిపిల్లలవీ కూడా ఉన్నాయి. 1643లో ఉర్సులా చర్చిలో కట్టిన బంగారుగదిలో ఆ ఎముకల్ని గోడలనిండా ముగ్గుల్లా, లాటిన్ అక్షరాల్లా పేర్చారు. ఫోటో చూసిన రాత్రి నాకు అన్నం సయించలేదు. ఎవరి తల్లో, ఎవరి బిడ్డో!

1969లో ఉర్సులా పండుగని రోమన్ చర్చి తన సార్వత్రిక పంచాంగంలోంచి తీసేసింది. డాలుమీద బొట్లని మాత్రం ఎవరూ చెరపలేదు.

అన్నట్టు, ఈ ఊరి పేరులోనూ ఒక ఆడమనిషి ఉండేది. నీరో తల్లి అగ్రిప్పినా అక్కడే పుట్టింది. క్రీ.శ. 50లో ఆమె భర్త క్లాడియస్ చక్రవర్తి ఊరికి హోదా ఇచ్చి, భార్య పేరు కలిపి చాంతాడంత పేరు పెట్టాడు. పోనుపోను ఆమె పేరు రాలిపోయి, వలస ఊరనే అర్థమున్న 'కొలోనియా' ఒక్కటే మిగిలింది. అమ్మ సీసామీద ఉన్నదీ ఆ ముక్కే.