హంతకమిథున చరిత్రము - పాఠకాభిప్రాయ విమర్శనము

ఘోరకృత్యములను గ్రంథస్థము చేయుట యుచితమా యను ప్రశ్న క్రొత్తది కాదు. మహాభారతమున సౌప్తికపర్వము గలదు. అశ్వత్థామ రాత్రివేళ శిబిరము జొచ్చి ద్రౌపదేయులను చంపిన తీరును వ్యాసుడు దాచలేదు. తిక్కన తెనిగింపక విడువలేదు. ఆ పర్వమును చదువరాదన్న పండితుడు లేడు. అయినను యుగాంతరమున జరిగిన కథకును, మృతబాలుర తల్లులు బ్రదికియుండగనే వెలువడిన కథకును భేదము గలదు. ఆ భేదమెట్టిదో విచారించుటకు ఇంగ్లండు దేశమున 1967లో ఎమ్లిన్ విలియమ్సు ప్రకటించిన ‘బియాండ్ బిలీఫ్’ అను గ్రంథమును, దానిపై పాఠకులలో కలిగిన అభిప్రాయభేదములును మిక్కిలి యుపకరించును.

మొదట వృత్తాంతము. ఇయాన్ బ్రేడీ 1938లో గ్లాస్గో నగరమునను, మైరా హిండ్లీ 1942లో మాంచెస్టరునను జన్మించిరి. మాంచెస్టరులోని యొక వర్తకసంస్థలో అతడు గుమాస్తా. ఆమె 1961లో టైపిస్టుగా చేరినది. వారిని దంపతులనుట వాడుకయే కాని వారికి వివాహము కాలేదు. కావున మిథునమనుటయే సరియైన మాట. 1963 జూలై మొదలు 1965 అక్టోబరు వరకు వారు ఐదుగురు బాలబాలికలను చంపిరి. నలుగురిని సాడిల్‌వర్త్ బీడుభూములలో పూడ్చిరి. చివరి హత్యను కన్నులార చూచిన హిండ్లీ చెల్లెలి భర్త పోలీసులకు తెలుపగా ఇద్దరును పట్టుబడిరి. హిండ్లీ ప్రార్థనపుస్తకపు వెన్నులో దాచిన యొక రైల్వే సామానుచీటి వలన పెట్టెలు దొరకినవి. వానిలో పదేండ్ల బాలిక ప్రాధేయపడు కంఠము నిలిచిన ధ్వనిముద్రణము గలదు. 1966 ఏప్రిలు 19న చెస్టరు న్యాయస్థానమున విచారణ యారంభమై మే 6న ముగిసెను. బ్రేడీ మూడు హత్యలకును, హిండ్లీ రెండు హత్యలకును దోషులుగా తేలిరి. మూడవదానిలో ఆమె పిమ్మట తోడ్పడినదని నిర్ణయమయ్యెను. మరణదండనము 1965 నవంబరులోనే నిలుపబడియుండుటచే ఇరువురికిని యావజ్జీవ కారాగారము విధింపబడెను.

విలియమ్సు వేల్సు దేశీయుడు, నటుడు, నాటకకర్త. ఒక హంతకుని నాయకునిగా గొని ఆయన రచించిన ‘నైట్ మస్ట్ ఫాల్’ 1935లోనే ప్రసిద్ధి నొందెను. మూడు దశాబ్దముల పిమ్మట ఆయన కల్పితహంతకుని విడిచి యథార్థహంతకులను గైకొనెను. రుజువైన విషయములతో పాటు తన యూహయు గ్రంథమున గలదని ఆయన దాచలేదు. వివాదమునకు మూలమదియే.

ఒక తెగ పాఠకుల యాక్షేపమిది: చూచినవారు లేని సన్నివేశములను, ఎవరును వినని సంభాషణములను చూచినట్లు, విన్నట్లు వ్రాయుట చరిత్రకు దోషము. మన యాలంకారికులకు ఈ సమస్య తెలియనిది కాదు. ధనంజయుడు దశరూపకమున ఇతివృత్తమును ప్రఖ్యాతము, ఉత్పాద్యము, మిశ్రము అని మూడు విధములుగా విభజించెను. అమరసింహుడు తెలిసిన యర్థము గలదానిని ఆఖ్యాయిక యనియు, కల్పనాప్రబంధమును కథ యనియు వేరుపరచెను. విలియమ్సు గ్రంథము మిశ్రము. మిశ్రత్వము నాటకమున దోషము కాదు; ఏలన, ప్రేక్షకుడు నాటకమును సాక్ష్యముగా గైకొనడు. చరిత్రమను పేర వచ్చినదానిని పాఠకుడు సాక్ష్యముగా గైకొనును. దోషము మిశ్రణమున లేదు, మిశ్రణపు హద్దు కానరాకుండుటలో గలదు.

ఇచ్చట వ్యాకరణము కొంత వెలుగు నిచ్చును. పాణిని భూతకాలమునంతటిని ఒక్కటిగా గణింపలేదు. వక్త కన్నుల నెదుట జరుగని భూతమునకు లిట్టును ప్రత్యేకముగా విధించెను. కవులు ఈ నియమమును సడలించి భూతలకారములను కలిపి వాడిరనుట నిజమే. కాని నియమమున్నదను స్మృతి శాస్త్రమున నిలిచియున్నది. తెలుగున ఆ పనిని ‘అట’ యను చిన్నమాట చేయును. ‘వచ్చెనట’ యన్నవాడు తాను చూడలేదని ఆ యొక్క మాటతో నొప్పుకొనును. ఆంగ్లమున భూతక్రియకు అట్టి రూపభేదము లేదు. పోలీసు కన్నులతో చూచినదియు, గ్రంథకర్త మనసున నూహించినదియు ఒకే క్రియారూపమున వచ్చును. అందుచే పీఠికలో నొక్కసారి ‘ఊహ గలదు’ అన్నంత మాత్రము చాలదు. నూరవ పుటకు వచ్చిన పాఠకునికి పీఠిక జ్ఞప్తి యుండునని నమ్మరాదు.

రెండవ తెగ వారు గ్రంథమును సమర్థించిరి. అట్టి మానవులెట్లు కలిగిరో తెలియనిచో సమాజము తన్ను తాను రక్షించుకొనజాలదనియు, న్యాయస్థానపు లిఖితములు కార్యమును చెప్పునేకాని కారణమును చెప్పవనియు వారి వాదము. ఈ వాదమును త్రోసిపుచ్చరాదు. అయితే కారణాన్వేషణము ఎంత దుష్కరమో అదే 1967లో వెలువడిన మరియొక గ్రంథము చూపుచున్నది. నవలాకర్త్రి పమేలా హాన్స్‌ఫర్డ్ జాన్సను విచారణకు స్వయముగా హాజరై ‘ఆన్ ఇనిక్విటీ’ యను గ్రంథము వ్రాసెను. బ్రేడీ గ్రంథములలో సాద్ ప్రభువు రచనలవంటివి గలవు. అట్టి పుస్తకములు అదుపు లేక వ్యాపించుట మేలా యని ఆమె ప్రశ్నించెను. ఆ పుస్తకములను చదివిన వేలకొలది జనులు హంతకులు కాలేదు. వానిని చూడని హంతకులు ఎన్నియో శతాబ్దములుగా నున్నారు. అన్వయవ్యతిరేకములు రెండును ఇచ్చట వ్యభిచరించుచున్నవి. పఠనమొక్కటియే కారణమను వాదము తర్కమునకు నిలువదు. కాని పఠనమునకు ఫలితమే లేదనువాడు బోధకవృత్తి నవలంబించుటకు తగడు.

మూడవ యభిప్రాయము రసమునకు సంబంధించినది. మాంచెస్టరుననే పెరిగిన మోరిసీ యను గాయకుడు ఈ గ్రంథమును చదివి, దాని యాధారమున ఒక గేయము రచించెను. అది 1984లో ‘ది స్మిత్స్’ బృందపు మొదటి సంపుటమున వెలువడెను. మృతుల బంధువులలో కొందరు నొచ్చుకొనిరి. కొన్ని దుకాణములు అమ్మకము మానినవి. గేయకర్త యుద్దేశము శోకప్రకటనమే. అయినను బంధువులు నొచ్చుకొనుటకు హేతువు అభినవగుప్తుని సాధారణీకరణవాదమున దొరకును. శోకము వ్యక్తిసంబంధమును విడిచినప్పుడే కరుణమగును. సహృదయునికి ఆ బాలిక లోకమందలి ఏ బాలికయైనను కావచ్చును. తల్లికి ఆమె తన కూతురే. తల్లి యెన్నడును సహృదయస్థానమున కూర్చుండజాలదు. ఇది ఆమె లోపము కాదు, శాస్త్రము తన హద్దును తాను చూపుట.

కాలము ఈ వివాదమునకు మరియొక పరీక్ష పెట్టెను. 1966 నాటి తీర్పు ఎరిగినవి మూడు హత్యలే. తక్కిన రెండింటిని గూర్చిన యొప్పుకోలు 1985 పిమ్మట గాని బయటపడలేదు. 1987 జూలైలో ఒక బాలిక దేహము బీడున దొరకెను. విలియమ్సు ఆ సంవత్సరముననే సెప్టెంబరులో మరణించెను. హిండ్లీ 2002లోను, బ్రేడీ 2017లోను కారాగారబంధము వీడకయే గతించిరి. ఒక బాలుని దేహము మాత్రము దొరకలేదు. అతని తల్లి 2012లో, కుమారుని యస్థులనైనను చూడక, కన్నుమూసెను. 1967లో ‘బియాండ్ బిలీఫ్’ ముగించి సంగతి యంతయు తెలిసినదనుకొన్న పాఠకుడు భ్రమించినవాడే. ఊహ ఎంత నిపుణమైనను బీడున ఒక గుంటను చూపలేకపోయెను.

కావున నిందించినవారును, మెచ్చినవారును చెరియొక సత్యమును పట్టుకొనిరి. ఘోరమును వ్రాయవచ్చును, సౌప్తికపర్వమందుకు ప్రమాణము. కాని ఆ పర్వము శిబిరములోని చావులతో ముగియదు. ద్రౌపది దుఃఖమును, ఆమె యడిగిన న్యాయమును చెప్పును. హంతకుల మనస్సున కన్ని పుటలు కేటాయించు గ్రంథకర్త, మృతుల తల్లికెన్ని పుటలిచ్చెనో పాఠకుడు లెక్కింపవలెను. ప్రత్యక్షమును ప్రత్యక్షముగను, ఊహను ఊహగను చదువుట అతని రెండవ ధర్మము. గ్రంథకర్త ‘అట’ యనుట మరచినచోట పాఠకుడే దానిని చేర్చుకొని చదువవలెను.